పన్నెండు ఫైబర్లు ఒకేసారి కలిసేదెలా?

ఇంటికి ఇంటర్నెట్ తెచ్చే సన్నని నల్ల తీగను చూడనివారు మన దాతల్లో ఎవరూ ఉండరు. దాని లోపల గాజు పోగు ఉంటుందనీ, ఆ పోగులో వెలుగు ప్రయాణిస్తుందనీ చాలామందికి తెలుసు. ఆ పోగు దారిలో ఎక్కడో ఒకచోట ఇంకో పోగుతో కలవాలి. ఒక పోగును ఒక పోగుతో కలిపే పద్ధతి చాలాకాలం కిందటే కుదిరింది. పన్నెండు పోగుల్ని, ఇరవై నాలుగింటిని, కొన్ని కేబుళ్ళలో వేల పోగుల్ని కలపాల్సి వచ్చినప్పుడు ఏం చేస్తారో ఈ వ్యాసంలో చెప్పదలచాం. ఐటీఐ, డిప్లొమా చదివి ఈ పనిలోకి వెళ్ళే పిల్లలు ఉన్నారు. వాళ్ళు రోజూ చేసే పని ఏమిటో పెద్దలకూ అర్థం కావాలన్నది మా ఉద్దేశం.

మగ్గం ఉన్న ఇళ్ళవారికి పోగులు కలపడం అంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. పాత పడుగు అయిపోవచ్చినప్పుడు దాని చివరి పోగులకు కొత్త పడుగు పోగుల్ని ఒక్కొక్కటిగా వేళ్ళతో మెలిపెట్టి అతుకుతారు. వేల పోగులు, గంటల తరబడి పని. అయితే నూలుకు ఒక వెసులుబాటు ఉంది. అతుకు కాస్త లావైనా, కాస్త పక్కకు జరిగినా నేత ఆగదు. గాజు పోగుకు ఆ వెసులుబాటు లేదు.

ఎంత లేదో లెక్కలో చూద్దాం. ఆప్టికల్ ఫైబర్ గాజు వ్యాసం 125 మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. పైన ప్లాస్టిక్ పూత కలిపితే 250 మైక్రాన్లు, అంటే పావు మిల్లీమీటరు. దూర ప్రాంతాలకు వేసే సింగిల్ మోడ్ ఫైబర్లో వెలుగు ఆ గాజు అంతటా నడవదు, మధ్యలో దాదాపు 9 మైక్రాన్ల వెడల్పులోనే నడుస్తుంది. రెండు పోగులు ఎదురెదురుగా నిలిచినప్పుడు ఈ 9 మైక్రాన్ల మచ్చ ఎదుటి 9 మైక్రాన్ల మచ్చ మీద సరిగ్గా పడాలి. ఒక్క మైక్రాన్ పక్కకు జరిగితే నూటికి 5 వంతుల వెలుగు పోతుంది. ఒకటికి 5 అయితే రెండింటికి 10 అనుకుంటాం. అలా ఉండదు. రెండు మైక్రాన్లు జరిగితే నూటికి 17 వంతులు, మూడు జరిగితే 35 వంతులు పోతాయి. డెసిబెల్ లెక్కలో నష్టం జరిగిన దూరపు వర్గం చొప్పున పెరుగుతుంది. తేడా రెట్టింపైతే నష్టం నాలుగింతలు.

దీనికి మొదటి పరిష్కారం కరిగించి అతకడం. స్ప్లైసింగ్ మెషిన్ రెండు కొనల్నీ ఎదురెదురుగా పెట్టి, విద్యుత్ మెరుపుతో గాజును కరిగించి ఒకటి చేస్తుంది. సరిగా చేసిన అతుకులో నష్టం 0.1 డెసిబెల్ లోపే, అంటే నూటికి రెండున్నర వంతులు మించదు. ఇంతకంటే మంచి కలయిక లేదు. కానీ పూత తీయాలి, తుడవాలి, క్లీవర్‌తో కొన నిటారుగా తెంచాలి, అతికాక పైన స్లీవ్ తొడిగి వేడిచేయాలి. పోగుకు అయిదు నిమిషాలు వేసుకున్నా 144 పోగుల కేబుల్ తెగితే ఒక మనిషికి 12 గంటల పని. రోడ్డు పక్క గుంటలో, ఎండలోనో వానలోనో, గొడుగు కింద కూర్చుని. అందుకే పన్నెండు పోగుల్ని పక్కపక్కనే అంటించి రిబ్బన్‌లా తయారుచేయడం మొదలైంది. రిబ్బన్ మొత్తాన్ని ఒకేసారి అతికే యంత్రాలు వచ్చాయి. 144 అతుకుల పని 12 అతుకులైంది.

అయినా అతుకు అతుకే. ఒకసారి వేస్తే విప్పడానికి ఉండదు, తెంచాల్సిందే. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలోనో డేటా సెంటర్లోనో పరికరాలు మారుతూ ఉంటాయి. ఈ రోజు ఈ అరలో ఉన్నది రేపు ఆ అరలోకి పోతుంది. అక్కడ విప్పి తిరిగి పెట్టగలిగే జోడు కావాలి. దాన్నే కనెక్టర్ అంటున్నాం.

ఒక్క పోగు కనెక్టర్ సూత్రం సులువు. పోగును గుండ్రని పింగాణీ కడ్డీలో, అంటే ఫెర్రూల్‌లో, నట్టనడుమ బిగిస్తారు. పాత ఎస్‌సీ రకంలో ఆ కడ్డీ వ్యాసం 2.5 మిల్లీమీటర్లు, చిన్న ఎల్‌సీ రకంలో 1.25. రెండు కడ్డీలు ఒకే గొట్టంలో రెండు వైపుల నుంచీ దూరి మధ్యలో తగులుకుంటాయి. కడ్డీ గుండ్రన, పోగు దాని నడుమ ఉంది, గొట్టం ఒకటే. కాబట్టి పోగులు ఎదురుపడక తప్పదు.

పన్నెండు పోగులకు ఈ సూత్రం పనికిరాదు. గుండ్రని కడ్డీకి నడుమ ఒక్కటే ఉంటుంది, పన్నెండు పోగులూ నడుమ ఉండలేవు.

ఎంటీ ఫెర్రూల్

జపాన్ టెలిఫోన్ సంస్థ ఎన్‌టీటీ 1980లలో దీనికి వేరే దారి పట్టింది. వాళ్ళు తయారుచేసినదాన్ని ఎంటీ ఫెర్రూల్ అంటారు. దాని ముఖం దాదాపు 6.4 మిల్లీమీటర్ల వెడల్పు, 2.5 మిల్లీమీటర్ల ఎత్తు. ఆ ముఖం మీద ఒకే వరుసలో పన్నెండు సన్నని రంధ్రాలు ఉంటాయి. రంధ్రానికీ రంధ్రానికీ మధ్య పావు మిల్లీమీటరు. ఈ పావు మిల్లీమీటరు ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి. పూతతో కలిపి పోగు మందం అంతే. రిబ్బన్‌లో పోగులు ఎలా ఆనుకుని ఉన్నాయో అదే ఎడంతో రంధ్రాలు పెట్టారు. రిబ్బన్ చివర పూత తీసి నేరుగా దూర్చేయవచ్చు, పోగుల్ని విడదీసి మళ్ళీ సర్దే పని లేదు. పని తగ్గించిన మొదటి ఆలోచన ఇదే అంటాం.

రెండో ఆలోచన వరుసకు ఇరువైపులా ఉన్న రెండు పెద్ద రంధ్రాలు. ఒక ఫెర్రూల్‌లో వాటి నుంచి 0.7 మిల్లీమీటర్ల ఉక్కు పిన్నులు బయటికి వస్తాయి. ఎదుటి ఫెర్రూల్‌లో అవి దూరే రంధ్రాలు మాత్రం ఉంటాయి. పిన్నులు దూరితే పన్నెండు పోగులూ వాటంతట అవే ఎదురుపడతాయి. పిన్నులు రెండే ఎందుకు? ఒక్కటే ఉంటే ఫెర్రూల్ దాని చుట్టూ తిరిగిపోతుంది. రెండు పెడితే తిరగదు. మూడోది కొత్తగా పట్టి ఉంచేది ఏమీ లేదు, పైగా దూరేటప్పుడు ఇరుక్కునే చోటు ఇంకొకటి పెరుగుతుంది.

ఇప్పుడు ఈ రూపకల్పన కష్టం ఎక్కడుందో చూద్దాం. పోగు గాజులో వెలుగు నడిచే భాగం సరిగ్గా మధ్యలో ఉండకపోవచ్చు. పోగు దూరాలంటే రంధ్రం దానికంటే ఒక పిసరు పెద్దదిగా ఉండాలి, ఆ పిసరు మేర పోగు ఒక పక్కకు ఒరగవచ్చు. రంధ్రమే తన చోటు నుంచి కాస్త జరిగి ఉండవచ్చు. ఈ మూడు తేడాలూ తలా 0.3 మైక్రాన్లే అనుకుందాం. అవతలి వైపు కూడా అంతే. పిన్నుకూ దాని రంధ్రానికీ మధ్య వదులు ఇంకో 0.4. అన్నీ ఒకే దిక్కుకు కలిసొస్తే 2.2 మైక్రాన్లు. పైన చెప్పిన లెక్క ప్రకారం అయిదో వంతు వెలుగు అక్కడే ఆగిపోతుంది. ప్రతి తేడా కంటికి కాదుగదా మామూలు సూక్ష్మదర్శినికి కూడా అందనిది. అన్నీ ఒకే వైపుకు రావడం అరుదు, నిజమే. కానీ పన్నెండు పోగుల్లో ఏదో ఒకదానికి అలా జరిగే అవకాశం ఒక్క పోగు కనెక్టర్లో కంటే చాలా ఎక్కువ.

చాలామంది పట్టించుకోని లెక్క ఇదే. ఒక పోగు బాగా కలిసే అవకాశం నూటికి 99 అనుకుందాం, మంచి మార్కులే. పన్నెండూ ఒకేసారి బాగా కలిసే అవకాశం ఎంత? 0.99ని పన్నెండుసార్లు గుణిస్తే 0.886. నూరు కనెక్టర్లు చేస్తే పదకొండు పక్కన పెట్టాలి. 72 పోగుల ఫెర్రూల్ అయితే 0.485, సగానికి పైగా పారేయాలి. ఒక్క పోగు కనెక్టరులో తప్పు వస్తే ఒక్కదాన్నే తీసేస్తాం. ఇక్కడ ఒక్క పోగు చెడితే మిగతా పదకొండు మంచి పోగులూ దానితోపాటే పోతాయి. కాబట్టి 99 చాలదు, 99.9 కూడా చాలా చోట్ల చాలదు.

ఆ ఖచ్చితత్వాన్ని ఎవరి చేతి నైపుణ్యం ఇవ్వగలదు? ఎవరిదీ ఇవ్వలేదు. అది అచ్చు నుంచి వస్తుంది. ఎంటీ ఫెర్రూల్‌ను గాజుపొడి లాంటి సిలికా కలిపిన గట్టి ప్లాస్టిక్‌తో అచ్చుపోస్తారు. అచ్చు లోపల పోగులకు బదులు సన్నని ఉక్కు సూదులు, పిన్నులకు బదులు లావు సూదులు బిగించి ఉంటాయి. వేడి ప్లాస్టిక్ వాటి చుట్టూ నిండి చల్లారుతుంది. చల్లారేటప్పుడు ప్లాస్టిక్ కుంచించుకుపోతుంది. ఎంత కుంచించుకుంటుందో ముందే లెక్కగట్టి సూదుల్ని అంత ఎడంగా పెట్టాలి. సిలికా కలపడానికి ఒక కారణం ఈ కుంచింపును, తర్వాత వేడికి వచ్చే ఉబ్బును తగ్గించడం. వేడికి ఫెర్రూల్ ఉబ్బినా భయం తక్కువే. ఎదుటి ఫెర్రూల్ కూడా అదే పదార్థం అయితే రెండూ సమానంగా ఉబ్బుతాయి, పోగులు ఎదురెదురుగానే ఉంటాయి. రెండు వైపులా వేర్వేరు పదార్థాలైతేనే చిక్కు.

అచ్చు చేసే మనిషి నెలల తరబడి పడే శ్రమ ఒకసారి పడితే అయిపోతుంది. తర్వాత ఆ అచ్చు వేల ఫెర్రూళ్ళకు ఆ ఖచ్చితత్వాన్ని పంచిపెడుతుంది. పోగులు కలపడం సులువైంది అంటే అర్థం, కష్టం మాయమైందని కాదు. గుంటలో కూర్చున్న మనిషి చేతి నుంచి అది కర్మాగారంలోని అచ్చులోకి వెళ్ళింది. ఒక కనెక్టర్ రూపకల్పన ఎంత మంచిదో తేల్చడానికి మేము అడిగే ప్రశ్న ఒక్కటే. పెట్టే మనిషి చేతికి ఇంకా ఎన్ని పనులు మిగిలాయి?

ముఖానికి ముఖం

పోగులు ఎదురుపడితే చాలదు, తాకాలి కూడా. మధ్యలో గాలి పొర మిగిలితే గాజు నుంచి గాలిలోకి వెళ్ళేచోట నూటికి మూడున్నర వంతులు, మళ్ళీ గాజులోకి దిగేచోట మూడున్నర వంతులు వెనక్కి తిరిగిపోతాయి. మొదట్లో ఎన్‌టీటీ వారు ఎంటీ ఫెర్రూళ్ళ మధ్య గాజులాగే వెలుగును వంచే జిగురు ద్రవాన్ని నింపి, స్ప్రింగ్ క్లిప్‌తో బిగించేవారు. తర్వాత వచ్చిన ఎంపీఓ కనెక్టర్లో ద్రవం పోయింది. తోస్తే పడుతుంది, లాగితే వస్తుంది, లోపల స్ప్రింగ్ ఉంటుంది. దీనికి అంతర్జాతీయ ప్రమాణం కూడా ఉంది, ఐఈసీ 61754-7.

ద్రవం లేకుండా పన్నెండు కొనలూ తాకాలంటే ఫెర్రూల్ ముఖాన్ని అరగదీసేటప్పుడు ఒక ఉపాయం వాడతారు. ప్లాస్టిక్ మెత్తన, గాజు గట్టి. పాలిష్ పెట్టినప్పుడు ప్లాస్టిక్ ముందు అరుగుతుంది, గాజు కొనలు ఒకటి నుంచి మూడు మైక్రాన్ల మేర బయటికి నిలుస్తాయి. అవి ముందు తాకుతాయి, స్ప్రింగ్ నొక్కితే కాస్త అణిగి అన్నీ ఆనుకుంటాయి. పన్నెండు పోగులకు దాదాపు 10 న్యూటన్ల బలం పెడతారు, కిలో బరువంత. ఎస్‌సీ కనెక్టర్లో దాదాపు అంతే బలం ఒక్క పోగుకే పడుతుంది. ఇక్కడ పోగు వాటా 85 గ్రాములే. ఒక కొన మిగతావాటికంటే లోపలికి ఉండిపోతే ఆ బలం దాన్ని తాకించలేదు. 24 పోగులు చేస్తే బలం 20 న్యూటన్లకు పెంచాలి. పోగుల సంఖ్య పెంచుతూ పోతే స్ప్రింగూ, దాన్ని పట్టుకునే గొళ్ళెమూ, పెట్టి తీసే వేళ్ళూ ఎక్కడో ఒకచోట ఓడిపోతాయి. పెద్ద ఫెర్రూళ్ళు ఉన్నా 12, 24 దగ్గరే ఎక్కువమంది ఆగడానికి ఇది ఒక కారణం.

చేతికి మిగిలినవి

ఎంపీఓ తర్వాత చేతికి మిగిలిన పనులు మూడు. పిన్నులు, వరుస దిశ, దుమ్ము.

పిన్నులున్నది పిన్నులు లేనిదానితోనే కలవాలి. పిన్నులు లేని రెండింటిని అడాప్టర్‌లో పెట్టినా టక్కుమని పడతాయి, బాగానే పడ్డాయనిపిస్తుంది. వెలుగు మాత్రం ఎటుపోతుందో తెలియదు. పిన్నులున్న రెండింటిని బలవంతంగా తోస్తే ఫెర్రూళ్ళే పాడవుతాయి. తప్పు చేస్తే పడకుండా ఉండాల్సిన చోట పడిపోవడం రూపకల్పనలో లోపమనే మా అభిప్రాయం. తర్వాత వచ్చిన 16 పోగుల ఎంపీఓలో దీని నుంచి కొంత నేర్చుకున్నారు. గాడిని పక్కకు జరిపారు, పిన్నుల్ని 0.55 మిల్లీమీటర్లకు సన్నం చేశారు. పన్నెండు పోగులదానితో దాన్ని పొరపాటున కూడా కలపలేరు.

వరుస దిశ సంగతి. పోగులకు రంగులుంటాయి. నీలం, నారింజ, ఆకుపచ్చ, గోధుమ, బూడిద, తెలుపు, ఎరుపు, నలుపు, పసుపు, ఊదా, గులాబి, లేత నీలం. 2010లో వచ్చిన 40 గిగాబిట్ల ప్రమాణం ఎస్‌ఆర్4లో ఒక చివరి నాలుగు పోగులు పంపడానికి, రెండో చివరి నాలుగు అందుకోవడానికి. నడుమ నాలుగు ఖాళీ. ఇక్కడ పంపేది అక్కడ అందుకునేదాని దగ్గరికే చేరాలంటే కేబుల్‌లో ఎక్కడో ఒకచోట వరుస తిరగబడాలి. మొదటి పోగు అవతల మొదటి చోటికే వెళ్తే ఏ రకం, పన్నెండో చోటికి వెళ్తే బీ రకం, జతలు జతలుగా తారుమారైతే సీ రకం. మూడు రకాలూ బయటికి ఒకేలా కనిపిస్తాయి. ఒకే భవనంలో రెండు రకాలు కలిశాయా, రాత్రంతా వెతుకులాటే. ఏదో ఒకటి ఎంచుకుని భవనమంతా అదే వాడమని అనుభవజ్ఞులు చెప్పేది ఇందుకే.

ఇక దుమ్ము. 9 మైక్రాన్ల వెలుగు మచ్చ మీద 10 మైక్రాన్ల రేణువు పడితే దారి మూసుకున్నట్టే. పన్నెండు పోగుల ముఖంలో దానికి ఇంకో దుర్గుణం కూడా ఉంది. ఒక పోగు దగ్గర ఇరుక్కున్న రేణువు ముఖాల్ని ఎడం చేస్తుంది, పక్క పోగులు శుభ్రంగా ఉన్నా తాకలేవు. పైగా పిన్నులు దూరినప్పుడల్లా వాటి చుట్టూ ఉన్న పొడి ముఖం మీదికి వస్తుంది. తుడిచి పెట్టినదాన్ని తీసి చూస్తే మళ్ళీ మురికి కనిపించడం అందువల్లే.

కటకాలతో కలయిక

దుమ్మును, బలాన్ని ఒకే దెబ్బతో తప్పించే ఆలోచన ఒకటి ఉంది. ప్రతి పోగు ముందు చిన్న కటకం పెడతారు. వెలుగు 9 మైక్రాన్ల వెడల్పు నుంచి 90 మైక్రాన్లకో అంతకంటే ఎక్కువకో విప్పారి, సమాంతరంగా గాలిలో ప్రయాణించి, అవతలి కటకంలో మళ్ళీ ముడుచుకుంటుంది. 10 మైక్రాన్ల రేణువు 100 మైక్రాన్ల వెలుగులో నూరో వంతును మాత్రమే అడ్డుకుంటుంది. పక్కకు రెండు మైక్రాన్లు జరిగినా లెక్కలోకి రాదు. గాజు గాజును తాకనక్కరలేదు కాబట్టి బరువైన స్ప్రింగ్ అవసరం లేదు.

అయితే ఎందుకు అందరూ అదే వాడడం లేదు? ప్రకృతి ఏదీ ఊరికే ఇవ్వదు. వెలుగును పది రెట్లు వెడల్పు చేస్తే పక్కకు జరిగే తేడాను పదింతలు ఓర్చుకుంటుంది, వంకరకు మాత్రం పదింతలు సున్నితమవుతుంది. ఫెర్రూల్ ఒక పిసరు వాలిందంటే వెలుగు అవతలి కటకం నుంచి పోగు పక్కన దిగుతుంది. గాలి పొరల దగ్గర వెలుగు వెనక్కి తిరగకుండా కటకాల మీద ప్రత్యేకమైన పూత వేయాలి. అన్నిటికంటే, పోగు కొనను తన కటకం వెనక సరిగ్గా నిలబెట్టాలి, అక్కడ మళ్ళీ అదే మైక్రాన్ లెక్క. కష్టం ఇంకోసారి చోటు మార్చి, కలిపే చోటు నుంచి తయారుచేసే చోటికి వెళ్ళింది. కలిపేవాడి వైపు నుంచి చూస్తే ఇది మంచి మార్పే. నష్టం మాత్రం నేరుగా తాకే మంచి ఎంపీఓ కంటే సాధారణంగా కొంచెం ఎక్కువ. ఎంపీఓల్లో తక్కువ నష్టం రకాలకు పైహద్దు 0.35 డెసిబెల్. ఒకే దారిలో నాలుగైదు కలయికలు వచ్చేచోట పిసరు పిసరూ కూడుతుంది.

ఇంకో దారి చిన్నది చేయడం. పూతతో కలిపి 200 మైక్రాన్లే ఉన్న పోగులు వచ్చాయి. ఎంఎంసీ, ఎస్‌ఎన్-ఎంటీ అనే కొత్త రకాలు ఎంపీఓ పట్టే చోటులో దాదాపు మూడింతల పోగుల్ని పట్టిస్తాయి. కృత్రిమ మేధకు వాడే కంప్యూటర్ల మధ్య పోగుల సంఖ్య విపరీతంగా పెరగడమే వీటికి గిరాకీ తెచ్చింది. అమెజాన్ క్లౌడ్ ప్రాంతం 2022లో హైదరాబాద్‌లో మొదలైంది, ఇంకా పెద్ద సంస్థల డేటా సెంటర్లు ఇక్కడ ఉన్నాయి. ఎంపీఓ పట్టుకోవడం తెలిసిన చేతులకు మన దగ్గరే పని ఉందన్నమాట.

ఆ చేతులకు నేర్పే బల్ల మీద ఏం ఉండాలి అని దాతలు అడుగుతుంటారు. ఎక్కువమంది ముందు స్ప్లైసింగ్ మెషిన్ పేరు చెబుతారు, అది ఖరీదైనది, చూడ్డానికీ ఘనంగా ఉంటుంది. మేమైతే కనెక్టర్ ముఖం చూపించే సూక్ష్మదర్శినిని ముందు పెడతాం, దాని పక్కన పెన్నులా నొక్కితే తుడిచే క్లీనర్ ఒకటి, పిన్నులున్నవీ లేనివీ కలిపి నాలుగైదు ఎంపీఓ తీగలు, మూడు రకాల దిశల్లో. నేర్చుకునేవారు ప్రతి తీగనూ మూత తీయగానే చూడాలి, తుడవాలి, మళ్ళీ చూడాలి, అప్పుడే పెట్టాలి. కొత్త ప్యాకెట్టు విప్పిన తీగనైనా సరే. కొనల మీది ప్లాస్టిక్ మూతలే ముఖం మీద పొడి వదులుతాయి.